ఈయేల ఎన్ని మెట్లు?

సిరిగుమ్మి రేవులో పడవ ఎక్కాలంటే ముందు నిచ్చెన దిగాలి. ఎక్కడానికి దిగడమేమిటని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు. బండ అంచున నిలబడి ఒక్కసారి కిందికి చూశాక మాత్రం ఎవరూ నవ్వరు. ముంచింగిపుట్టు వైపు నుంచి జీపు దారి కాఫీ తోటల మధ్య మెలికలు తిరుగుతూ వచ్చి వచ్చి ఆ బండ దగ్గర చేతులెత్తేస్తుంది. కింద డ్యాం నీళ్లు. అవతలి గట్టున నాలుగు ఊళ్లు. సంతకైనా, రేషన్‌కైనా, ఆసుపత్రికైనా వాళ్లు ఈ ఒడ్డుకి రావలసిందే. మిగతా ఒడ్డంతా మోకాటి లోతు బురద, కాలు పెడితే చెప్పు ఒకచోట, మనిషి ఒకచోట. పడవ దగ్గరికి రాగలిగింది ఈ బండ కిందికి ఒక్కదానికే. అందుకే అక్కడొక నిచ్చెన, ఆ నిచ్చెనకొక సుక్రు.

డ్యాం నీళ్లకి నిలకడ లేదు. వానలు వెనకబట్టేసరికి బండ మెడదాకా వచ్చి కూర్చుంటాయి. తరవాత కరెంటు కోసం వదిలేకొద్దీ పది పదిహేను రోజులకో మెట్టు చొప్పున జారుకుంటాయి. ఎండలు ముదిరేసరికి, పైనుంచి చూస్తే పడవ అరచేయంత కనిపిస్తుంది. అందుకని సుక్రు నిచ్చెన ఒకే ముక్క కాదు. పైముక్క ఎప్పుడూ బండకి కట్టి ఉంటుంది. నీళ్లు దిగేకొద్దీ అతను దాని కింద ఇంకో ముక్క, ఆ ముక్క కింద మరో ముక్క కడతాడు. నీళ్లు పెరిగేకొద్దీ విప్పి పైకి లాగేస్తాడు. రెండు వెదుళ్లు, వాటి నడుమ గట్టి కర్ర మెట్లు, కట్లన్నీ అడ్డతీగ నారతో. నార పచ్చిగా ఉన్నప్పుడే కట్టాలి. ఎండేకొద్దీ బిగుసుకుపోయి, మనిషి వేళ్లతో విప్పలేనంత గట్టిపడుతుంది. ఇనుప తీగ వాడొచ్చు కదా అని ఎవరైనా సలహా ఇస్తే సుక్రు వాళ్లవైపు జాలిగా చూసేవాడు.

ఆ రేవులో నమస్కారాలు ఉండవు. పడవ నడిపే ఎలీయేజరు నీళ్ల మధ్యలో ఉండగానే ఇంజను ఆపి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేక వేస్తాడు.

"మావా! ఈయేల ఎన్ని మెట్లు?"

"తొమ్మిది!" అని బండ మీంచి సుక్రు.

ఆ లెక్కని బట్టి పడవలో జనం సర్దుకుంటారు. ఆరైతే పసుపు బుట్ట నెత్తినే పెట్టుకుని ఎక్కేయొచ్చు. పదిహేనైతే బుట్ట తాడు కట్టి పైకి పంపాలి. ఇరవై దాటితే చంటిపిల్లని వీపుకి గట్టిగా కట్టుకోవాలి. ముప్పయ్యేళ్లకి పైగా రోజుకి నాలుగైదు సార్లు అదే ప్రశ్న, అదే జవాబు, అంకె మాత్రం వేరు. సంతలో కనిపించినా, పెళ్లి భోజనాల దగ్గర ఎదురైనా జనం సుక్రుని ముందు అడిగేది అదే. అతనికి ఒంట్లో ఎలా ఉందన్నది తరవాతి సంగతి.

సుక్రు శుక్రవారం పుట్టాడు, పేరు అందుకే అది. వాళ్ల నాన్న చోడి చేలల్లో మంచెలకీ, మిరియాల తీగలు పాకిన చెట్లకీ నిచ్చెనలు కట్టేవాడు. సుక్రు కూడా ఆ పనే నేర్చాడు. రేవుకి నిచ్చెన కట్టమని మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్ల అక్క ముత్యాలమ్మని అవతలి గట్టుకి ఇచ్చారు. తల్లి పోయాక సుక్రుని ఎత్తుకు తిప్పి పెంచింది ఆవిడే. పెళ్లయిన రెండో ఏడాది ఆవిడ చంటిదాన్ని చంకనేసుకుని పుట్టింటి నుంచి వెళుతూ, బండ మీది చెట్టు వేళ్లు పట్టుకుని జారుతూ దిగుతుంటే సుక్రు పైనుంచి చూశాడు. ఆవిడ పడవలో కాలు పెట్టేదాకా అతని గుండె గుండెలో లేదు. మర్నాడే వెదురు నరికాడు. అక్క కోసం కట్టిన నిచ్చెనని ఆ నీళ్ల మీద తిరిగే జనమంతా వాడుకున్నారు. వద్దనడానికి సుక్రుకి నోరు రాలేదు. పోనుపోను అది అతని పనే అయిపోయింది. పంటలప్పుడు అవతలివాళ్లు చోళ్లో, కందులో తెచ్చి ఇంట్లో పోసిపోయేవాళ్లు.

మనిషి మెత్తన కాదు. ఎవరైనా నీళ్లవైపు మొహం పెట్టి దిగబోతే చాలు, "బండకి మొగం! బండకి మొగం పెట్టమని ఎన్నిపాలి సెప్పాలి?" అని గుడ్లురిమేవాడు. కలెక్టరొచ్చినా అదే మాట అనేవాడని భార్య కనక అందరికీ చెప్పి నవ్వేది. కానీ నిండు నెలల మనిషి దిగుతుందంటే తనే ముందు ఒక మెట్టు కింద ఉండి, రెండు చేతులూ ఆవిడకి అటూ ఇటూ అడ్డుపెట్టి దించేవాడు. ఆ పనిలోనే రెండేళ్ల కిందట అతని కుడి మోకాలు పట్టేసింది. అప్పటినుంచి ముక్కలు కట్టడానికి దిగితే మళ్లీ పైకి రావడానికి చాలాసేపు పట్టేది. పైకొచ్చి, ఏమీ కానట్టు చుట్ట ముట్టించేవాడు.

ఆ కుంటడం చూడలేక ఎలీయేజరే అర్జీ రాశాడు. సిరిగుమ్మి రేవుకి ఇనుప నిచ్చెన కావాలని నాలుగు ఊళ్లవాళ్ల చేత వేలిముద్రలు వేయించి ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. సుక్రుకి మాత్రం చెప్పలేదు. చెబితే ఏమంటాడో అందరికీ తెలుసు.

కార్తీకంలో ఒకరోజు పొద్దున్న ఇంజినీరు వచ్చాడు. పేరు సురేంద్ర, సీతంపేట అవతలి కొండల పిల్లాడు. వాళ్ల గూడెంలో ఆఫీసు ఉద్యోగం చూసిన మొదటివాడు, అదీ ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. టేపూ, నోటు పుస్తకం పట్టుకుని బండ మీదికి వచ్చేసరికి సుక్రు పైముక్కకి కట్లు మారుస్తున్నాడు. రెండు చేతులూ పనిలో ఉండబట్టి నార కట్ట పళ్ల మధ్య కరిచి పట్టుకున్నాడు.

"తాతా, పడవలోకి దిగడానికి ఎన్ని మెట్లు?"

యాభై ఎనిమిదేళ్లకే తాతని చేసినందుకు సుక్రుకి ఒళ్లు మండింది. అయినా ముప్పయ్యేళ్లుగా అలవాటైన నోరు, నార మధ్య నుంచే జవాబు చెప్పేసింది.

"ఆరు."

సురేంద్ర వంగి చూశాడు. ఆరే. టేపు వదిలి కొలిచాడు, లెక్క సరిపోయింది. పుస్తకంలో రాసుకున్నాడు. ఆ రాసుకోవడం చూశాక సుక్రుకి సంగతి తట్టింది. రేవులో ఎవరడిగినా ఆ పూట మాటే అడుగుతారు. ఈ కుర్రాడు రేవు మొత్తం మాట అడుగుతున్నాడు. 'ఈయేల ఆరు బాబూ, ఎండల్లో ఇరవై దాటుతాది' అనే మాట నోటిదాకా వచ్చింది. చెప్పడానికి నార నోట్లోంచి తీశాడు కూడా.

అప్పుడే సురేంద్ర పుస్తకం మూసి నవ్వుతూ అన్నాడు. "ఇంక నీకీ బాధ ఉండదులే తాతా. ఇనుపది బిగించేస్తాం. హాయిగా ఇంట్లో కూర్చో."

మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ మాట సుక్రుకి ఎక్కడో తగిలింది. పక్కకి తిరిగి ఉమ్మేసి, నార మళ్లీ పళ్ల మధ్య పెట్టుకున్నాడు. నోట్లో నార ఉన్నవాడు మాట్లాడలేడు కదా.

సర్కారు పని అంత తొందరగా కావడం ఆ కొండల్లో ఎవరూ ఎరగరు. మూడు వారాలు తిరక్కుండా ఇనుప నిచ్చెన జీపెక్కి వచ్చింది. సురేంద్ర జాగ్రత్తపరుడు, ఆరుకి మరో రెండు కలిపి ఎనిమిది మెట్లు చేయించాడు. బండలో కన్నాలు తొలిచి, సిమెంటు పోసి బిగించారు. ఎర్ర రంగు వేశారు. ఒకరు కొబ్బరికాయ కొట్టారు, ఎలీయేజరు వాళ్ల పాస్టరు ప్రార్థన చేశాడు, అందరూ ఎక్కి దిగి మురిసిపోయారు. ఎనిమిదే ఉన్నాయేమిటని ఒక్కరైనా అడగలేదంటే వాళ్లు తెలివితక్కువవాళ్లని కాదు. వాళ్లకి తెలిసిన నిచ్చెన నీళ్లు దిగేకొద్దీ కిందికి పెరుగుతుంది. మిగతా ముక్కలు తరవాత తెస్తారని అనుకున్నారు. ఇనుపదానికి కింద ముక్క కట్టే వీల్లేదన్న సంగతి చూడగానే తెలిసింది ఒక్క సుక్రుకే. అతను ఆ రోజు కూడా ఏమీ అనలేదు. తన వెదురు ముక్కలన్నీ ఒక్కొక్కటే మోసుకెళ్లి పశువుల సాలలో నిలబెట్టాడు. రెండు రోజుల్లో కోళ్లు వాటిమీద కాపురం పెట్టాయి.

పుష్యమాసం పండగ నాటికి తొమ్మిది మెట్లయింది. ఇనుపవి ఎనిమిదే కాబట్టి జనం చివరి మెట్టు మీంచి గెంతారు. తరవాత పదయింది, పదకొండయింది. కుర్రాళ్లు గెంతేవాళ్లు, ముసలివాళ్లు వేలాడి కాళ్లు చాపితే పడవలోంచి ఎవరో పట్టుకునేవాళ్లు. ఇంజినీరు వచ్చి మిగతా ముక్క పెట్టడేమిటని అందరూ తిట్టుకున్నారు. ఎవరో ఒకరు వచ్చి పిలుస్తారని సుక్రు ఇంటి అరుగు మీద కూర్చుని ఎదురు చూశాడు. ఆ సంగతి అతను ఒప్పుకోడు గానీ, జీపు చప్పుడైతే చాలు లేచి నిలబడేవాడని కనకకి తెలుసు.

చివరికి ఎలీయేజరే వచ్చాడు.

"మావా, నీ ముక్కలు రెండు తెచ్చి ఆ పక్కన కట్టీ. జనం నానా అవస్తలు పడతన్నారు."

"నాకేటి తెలుసు? ఆ ఇనపదానికే సెప్పుకోండి," అన్నాడు సుక్రు.

"అంత కోపమేటి మావా? నీ మోకాలు సూసే కదా అర్జీ ఎట్టినాను."

అర్జీ రాసింది ఇతనేనని సుక్రుకి అప్పుడే తెలిసింది. మొహం ఇంకా మాడిపోయింది. "మంచిపని సేసినావు," అని లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఎలీయేజరు కనక ఇచ్చిన టీ తాగి వెళ్లాడు.

మూడు రోజుల తరవాత సంత. సాయంత్రం ఎలీయేజరు పడవ ఇంజను చప్పుడు వినబడింది, ఆగిపోయింది, ఆ వెంటనే కేకలు. కనక బయటికి పరుగెత్తి, అంతే వేగంగా వెనక్కి వచ్చింది.

"బేగి రా! మీ అప్ప పడిపోనాదంట!"

పన్నెండో మెట్టు నాటి నీళ్లు. ముత్యాలమ్మ సంత చేసుకుని తిరిగి వెళుతోంది. కింద నుంచి ఎలీయేజరు ఆగమంటున్నా ఆవిడ ఆగలేదు. ఇన్నేళ్లుగా దిగిన దారే, బండకి మొహం పెట్టి చక్కగా దిగింది. ఎనిమిదో మెట్టు మీద నుంచి తొమ్మిదో మెట్టు కోసం అలవాటుగా కాలు చాపింది. అక్కడ మెట్టు లేదు. పడవలో చోడి బస్తా మీద పడింది గనక నడుం దక్కింది, మణికట్టు దక్కలేదు. ఇప్పుడావిడ పడవలో ఉంది, ఆసుపత్రి ఇటు ఒడ్డున ఉంది. మధ్యలో నాలుగు మెట్ల శూన్యం, ఆవిడకి ఒక్క చెయ్యి.

సుక్రు సాలలోకి వెళ్లాడు. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. పైముక్కా, మరో ముక్కా రెండు భుజాల మీద వేసుకుని, మోకాలు ఉందన్న సంగతి మరిచిపోయి పరుగెత్తాడు. ఎండు నార బిగియదు, పచ్చినార కోసే వ్యవధి లేదు. పైముక్కని ఇనుపదాని పక్కనే పశువుల పలుపుతో కట్టాడు, దాని కింద రెండోదాన్ని కనక పైటగుడ్డ చింపి కట్టాడు. దిగి, అక్కని ముందు పెట్టుకుని, తను ఒక మెట్టు కింద ఉండి, ఆవిడ వీపుని తన గుండెకి ఆనించుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కించాడు. ఆవిడ విరిగిన చెయ్యి పొట్టకి అదుముకుని, నొప్పికి పళ్లు బిగించి కూడా మాట్లాడుతూనే ఉంది.

"నువ్వుండగా నాకేటి భయంరా. ఆ ఇనపది దగా సేసినాది గానీ నీ కర్ర అలాగే ఉంది."

ఆవిడ మెడ మీది చెమట వాసన చిన్నప్పటి వాసనే. నేను ఈ మనిషికి చేసిన పని ఇదా అని సుక్రు అనుకున్నాడు. పన్నెండు మెట్లు ఎక్కడానికి అంతసేపు అతనికి జీవితంలో ఎన్నడూ పట్టలేదు.

ముత్యాలమ్మ చేతికి కట్టు వేశారు. నాలుగు ఊళ్లూ కలిసి మళ్లీ అర్జీ పెట్టాయి, ఈసారి ఇంజినీరు మీద. ఎవరినీ అడక్కుండా, ఆఫీసులో కూర్చుని కొలతలు రాసేశాడని అందులో ఉంది. ఎలీయేజరు దాన్ని అరుగు మీద చదివి వినిపించాడు. అప్పుడైనా సుక్రు నోరు విప్పాల్సింది, విప్పలేదు. వేలిముద్ర వేయమన్నారు. చేతికి నార గీరుకుందని, మంటగా ఉందని తప్పించుకున్నాడు.

ఆ రాత్రుళ్లు అతనికి తిండి సయించలేదు. తను అబద్ధం చెప్పలేదు. ఆ రోజు మెట్లు ఆరే, ఏ సామి ముందైనా ప్రమాణం చేయగలడు. కానీ నార తీసినవాడు మళ్లీ ఎందుకు పెట్టుకున్నాడు? ఇనుపది పొట్టిదవ్వాలని కోరుకున్నాడా? ఎండల్లో జనం తనని వెతుక్కుంటూ రావాలనుకున్నాడా? అవునని ఒకసారి అనిపించేది, ఛీ కాదనిపించేది. కనకకి చెబుదామనుకుని రెండుసార్లు నీళ్లు నమిలాడు. నిజం చెబితే ఊరంతా ఒకే మాట అంటుంది: తన నిచ్చెన నిలబెట్టుకోడానికి సొంత అక్క చెయ్యి విరగ్గొట్టాడని. ముప్పయ్యేళ్లు జనాన్ని దించిన మనిషికి అంతకన్నా ఏం కావాలి!

పదిహేను రోజులకి సర్వేశ్వరరావు అనే పై ఆఫీసరు విచారణకి వచ్చాడు. వెంట సురేంద్ర. కుర్రాడు సగమైపోయాడు. గడ్డం కూడా గీసుకోలేదు. బండ మీద జనం గుమికూడారు. కట్టు చేతితో ముత్యాలమ్మ కూడా పడవలో వచ్చింది, ఎక్కడానికి ఇబ్బందని కింద పడవలోనే కూర్చుని తలెత్తి చూస్తోంది.

సర్వేశ్వరరావు ఇనుప నిచ్చెన చూశాడు, నీళ్లు చూశాడు, సురేంద్రవైపు తిరిగాడు.

"ఇక్కడివాళ్లని ఒక్కళ్లనైనా అడిగావయ్యా?"

సురేంద్ర కళ్లు ఒక్క క్షణం సుక్రు మీద నిలిచాయి. తరవాత కిందికి వాలాయి.

"నేనే కొలిచాను సార్. నాదే పొరపాటు."

"పొరపాటంటే సరిపోతుందా? ఆ ముసలమ్మ ప్రాణం పోయుంటే? ఈ ఏడాది నీకు పొడిగింపు ఉండదు, అర్థమైందా?"

సురేంద్ర తల ఊపాడు. సుక్రు పేరు చెప్పలేదు. ఆ పిల్లాడు తన పేరు చెప్పి ఉంటే సుక్రు ఎదురు తిరిగేవాడేమో, దబాయించేవాడేమో. చెప్పకపోయేసరికి అతనికి దాక్కోవడానికి చోటు లేకుండా పోయింది.

"అడిగినాడు బాబూ," అన్నాడు సుక్రు.

అందరూ తిరిగారు.

"నన్నడిగినాడు. ఎన్ని మెట్లన్నాడు, ఆరన్నాను. ఈయేల ఆరని సెప్పాల. సెప్పనేదు. నోట్లో నారుంది. కాదు... నార తీసినాను. మళ్లీ ఎట్టుకున్నాను. నన్నింట్లో కూకోమన్నాడని కోపమొచ్చింది. పొట్టిదవుతాదని తెలిసే ఊరుకున్నాను. తరవాతైనా నా ముక్కలు తెచ్చి కట్టొచ్చు. ఎలీయేజరొచ్చి పిలిసినాడు. కట్టనేదు."

ఎలీయేజరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. వెనకనుంచి ఎవరో "కావాలనే సేసినాడన్నమాట" అన్నారు. కనక పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుక్రుకి తల కొట్టేసినట్టయింది. అయినా ఎక్కడికీ పోకుండా అక్కడే నిలబడ్డాడు.

పడవలోంచి ముత్యాలమ్మ గొంతు వచ్చింది.

"ఒరే సుక్రూ. నా సెయ్యి ఇరగ్గొట్టింది నువ్వేనేటిరా?"

"నేనే అప్పా."

నీళ్లు పడవకి కొట్టుకుంటున్నాయి. ఆవిడ కళ్లు తుడుచుకుందో, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుందో పైనుంచి తెలియలేదు.

"మరయితే ఇప్పుడైనా సరిగ్గా సెప్పు. అంతా సెప్పు. ఆ గుంటడు రాసుకుంటాడు."

సురేంద్ర పుస్తకం తీశాడు. సుక్రు బండకి మొహం పెట్టి తన వెదురు నిచ్చెన దిగడం మొదలుపెట్టాడు, ఒక్కొక్క మెట్టు మీదా ఆగి బండ మీది నీటి మరక చూపిస్తూ. ఆరుదాకా కార్తీకం, మార్గశిరం. తొమ్మిది, పుష్యమాసం పండగ. పదకొండుకి కాఫీ పళ్ల కోత అయిపోతుంది. పన్నెండు దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఇది మా అప్ప పడ్డ మెట్టు" అన్నాడు. పదమూడు దగ్గర నీళ్లు తగిలాయి. అక్కడినుంచి మెట్లు ఎవరికీ కనబడవు, అతనికి తప్ప. పాదాలు నీళ్లలో పెట్టుకుని, వేలు నీళ్లలోకి చూపిస్తూ చెప్పుకుపోయాడు. పదిహేడు, చైత్రంలో ఇటుకల పండగ. అక్కడ బండ లోపలికి ఒంగుతుంది, నిచ్చెనని జానెడు ఎడంగా నిలబెట్టాలి. పంతొమ్మిది దగ్గర బండకి పగులుంది, అందులో మేకు దిగదు. ఇరవై రెండు, మృగశిర కార్తె ముందు.

ఒక్కొక్క అంకె చెబుతుంటే సుక్రుకి ఒంట్లోంచి ఏదో తీసి ఇచ్చేస్తున్నట్టు ఉంది. ఇవన్నీ పుస్తకంలోకి ఎక్కాక రేవుకి తనతో పనేముంది? ఆ సంగతి అతనికి బాగా తెలుసు. అయినా చెప్పడం ఆపలేదు.

"ఇరవై రెండు," అని సర్వేశ్వరరావు తల పంకించాడు. జనం కూడా అంతేనన్నారు, వాళ్లలో ఎవరూ అంతకన్నా కిందికి దిగి ఎరగరు. ఇరవై రెండు మెట్లకి కొత్త నిచ్చెన వేయిస్తామని, ఇంజినీరు సంగతి ఇంకోసారి ఆలోచిస్తామని ఆఫీసరు అన్నాడు. సురేంద్ర మొహంలోకి కాస్త నెత్తురు వచ్చింది. పెన్నుకి మూత పెట్టబోయాడు.

సుక్రు కదల్లేదు. పడవలో ముత్యాలమ్మ తమ్ముడివైపే చూస్తోంది, ఏమీ అనడం లేదు. సుక్రుకి పద్దెనిమిదేళ్లప్పుడు, ఇంకా ఈ రేవు నిచ్చెన పుట్టకముందు, వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. రెండో ఏడు నీళ్లు ఎన్నడూ లేనంత అడుగుకి పోయాయి. మునిగిపోయిన పాత ఊరు బయటపడింది. వాళ్లమ్మ పుట్టి పెరిగిన ఊరు అది. ముత్యాలమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని, చెట్టు వేళ్ల ఆసరాతో కిందికి దింపి, బురదలో మూడు రాళ్లు చూపించి, అమ్మ వాళ్ల పొయ్యి ఇదేరా అంది. ఇద్దరూ ఆ రాళ్ల పక్కన కాసేపు కూర్చుని వచ్చారు. ఆ తరవాత ఇన్నేళ్లలో నీళ్లు అంత దిగలేదు, ఆ లోతు ఎన్ని మెట్లో మాత్రం సుక్రు మనసులోనే లెక్కేసుకున్నాడు. చూసినవాళ్లలో మిగిలింది వీళ్లిద్దరే.

ఇరవై రెండు దగ్గర ఆగిపోతే తప్పుపట్టేవాడు లేడు. ఎప్పుడో ఒక కరువు ఏడు ఆ ఇనుప నిచ్చెన మళ్లీ పొట్టిదవుతుంది. అప్పుడు జనం సాలలో వెదురు ముక్కల కోసం సుక్రు ఇంటికి రావాలి. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందో అతనికి తెలుస్తూనే ఉంది. సిగ్గేసింది.

"మూత ఎట్టీకు బాబూ," అన్నాడు సుక్రు. "ఇంకా నాలుగున్నాయి. రాయి."

"ఇరవై ఆరా?" అన్నాడు సురేంద్ర ఆశ్చర్యంగా. "అక్కడేముంది?"

"మా అమ్మిల్లు."

సురేంద్ర రాసుకున్నాడు. పడవలో ముత్యాలమ్మ బాగున్న చేత్తో మొహం కప్పుకుని, ఇంతసేపూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చేసింది. సుక్రు నీళ్లలోంచి కాళ్లు తీసి పడవలోకి దిగి, ఆవిడ పక్కన కూర్చున్నాడు.